ప్రేమ విందు బాకీ

అల్వాల్, సికింద్రాబాద్
6 ఫిబ్రవరి 2025, గురువారం

ఈరోజు పనులు: మినుములు ఎండబోయడం అయింది. దుప్పట్లు ఉతకడం అయింది. మోండా మార్కెట్‌కి వెళ్లి ఎండుమిర్చి, ధనియాలు తేవడం అయింది. పొయ్యి బర్నర్లు తోమడం రేపటికి మిగిలింది. నీకు ఉత్తరం రాయడం ఇప్పుడు అవుతోంది.

మరదలు గ్లోరియాకు, వదిన సలోమి వందనాలు.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. మా తమ్ముడు యేసురాజు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతాడు. నేను చెప్పేది బీచ్‌లో బజ్జీలు తినేవాళ్లంతా వింటారు. తర్వాత నీకు చెప్పేటప్పుడు సగం మరచిపోతాడు. అందుకే ఇకమీదట ముఖ్యమైన సంగతులు కాగితం మీదే. కారప్పొడి పార్సిల్‌తో పాటు కార్గో బస్సులో వేస్తాను. నువ్వూ అలాగే రాయి.

సంగతేమిటంటే, మా చర్చి స్త్రీల సమాజం మార్చి ఒకటో తేదీ శనివారం మీ ఓడరేవు బీచ్‌కి వస్తోంది. శుక్రవారం రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి చీరాలలో దిగుతాం. ఇసుక మీద ఉదయ ప్రార్థన. దాదాపు నలభై మందిమి. సాయంత్రం రైలుకి తిరుగు ప్రయాణం.

భోజనం దగ్గర పేచీ వచ్చింది. మా కార్యదర్శి జెనిఫర్ గారు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. అక్కడి రిసార్టు ఫొటోలు ఫోన్లో చూపించి, "ఏసీ హాల్, బఫే. మన లేడీస్‌కి సేఫ్" అంది. నేను లేచి, మా మరదలు బీచ్‌లోనే పాక వేసుకొని భోజనం పెడుతోంది, దాని చేపల పులుసు తిన్నాక బఫే సంగతి మాట్లాడండి అన్నాను. "పాకలో హైజీన్ ఉంటుందా సలోమి గారూ?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. ప్రార్థన అయ్యాక ప్రేమ విందు మా గ్లోరియా దగ్గరే, అది నా పూచీ అని నీ తరఫున కూడా మాట ఇచ్చేశాను.

పక్కింటి విమలమ్మ మన చర్చి మనిషి కాకపోయినా తానూ వస్తానంటోంది. "ఏందీ సలోమమ్మా, అంత దూరం పోయి గా ఏసీ హాల్ల కూసొని నూడుల్స్ తింటరా? గవి మన అల్వాల్ల దొర్కయా? కానీ శనివారం నేను నీసు ముట్ట. జెర పప్పు గిట్ల చెయ్యమని మీ మరదలికి రాయి" అంది. రాశాను.

కమిటీకి చూపించడానికి, ఆ చుట్టుపక్కల సాదాసీదాగా ఎక్కడెక్కడ తినవచ్చో కూడా నీకు తెలిసినంత రాసి పంపు. నాలుగూ చూసి నిన్నే ఎంచుకున్నామని చెప్పుకోవాలి గదా.

మీ వదిన,
సలోమి

~

ఓడరేవు
10 ఫిబ్రవరి 2025

వదినగారికి గ్లోరియా వందనాలు.

మీ పనుల పట్టిక చదివేసరికి నాకే నడుం లాగింది. బర్నర్లు తోమారా లేదా, అది మాత్రం రాయండి. ఇక్కడ మీ తమ్ముడు రోజూ అదే అడుగుతున్నాడు.

తినే చోట్ల గురించి అడిగారు. దాచకుండా రాస్తున్నాను. పొద్దున రైలు దిగిన వెంటనే ఇడ్లీ కావాలంటే చీరాల స్టేషన్ బయట పాల్ అనే అతని బండి. అల్లం పచ్చడి కోసం మళ్లీ అడుగుతారు, అతను విసుక్కోడు. బీచ్‌కి వచ్చాక వరసగా చేపల బండ్లు ఉంటాయి. పళ్లెంలో ఉన్న చేప మనం చూపిస్తే మసాలా పూసి వేయించి ఇస్తారు. చందువా గానీ వంజరం గానీ తీసుకోవాలి. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా చూడాలి, మూకుడులో నూనె నల్లగా ఉంటే పక్క బండికి పోవాలి. ఆడవాళ్లు అడిగితే మొప్ప చూపించరు, కసిరి అడిగితే చూపిస్తారు. వేసవి అయితే మధ్యాహ్నం ఎండలో ముంజలమ్మే ముసలమ్మ తిరుగుతుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీలు ఎవరి దగ్గరైనా ఒకటే. రిసార్టులో అద్దాల గది చల్లగా ఉంటుంది. అన్నం కూడా అంతే చల్లగా ఉంటుందని అక్కడ పనిచేసే వంటాయనే మా పాకకు వచ్చి తింటూ చెప్పాడు.

ఇక మా పాక. హైదరాబాద్ కార్లు ఎదురుగా ఆగుతాయి. అద్దం దించి, "బోర్డు కూడా లేదు" అనుకొని రిసార్టు వైపు పోతాయి. బేరం ఉన్న రోజు కంటే మిగిలిన అన్నం మేమే తిన్న రోజులు ఎక్కువ. స్థలం బ్రహ్మచారి గారిది. వడ్రంగి ఆయన, మంచివాడు. కానీ కార్లు పెట్టుకోవడానికి ఆ స్థలం కావాలని రిసార్టు వాళ్లు ఆయన్ని అడుగుతున్నారట. "ఉంటారో ఖాళీ చేస్తారో, మార్చి మొదటి ఆదివారం మీ గుడిలో ఆరాధన అయ్యాక చెప్పమ్మా" అన్నాడు. మేం ఖాళీ చేద్దామనే అనుకున్నాం.

మీరు నా పేరున ప్రేమ విందు ఒప్పుకున్నారు. మంచిది. మీ మాట పోనివ్వను. ప్రేమ విందు అన్నాక లెక్కలేముంటాయి? మీ వాళ్లందరికీ నా చేతులతో కడుపునిండా పెడతాను. ఈ పాకలో అదే ఆఖరి వంట అవుతుంది. ఆఖరి వంట మంచి పనికి అయిందని సంతోషిస్తాను.

విమలమ్మ గారికి ముద్దపప్పు, మామిడికాయ.

గ్లోరియా

~

అల్వాల్
13 ఫిబ్రవరి 2025, గురువారం

ఈరోజు పనులు: బర్నర్లు తోమడం అయింది, తమ్ముడికి చెప్పు. కారం దంపించడం అయింది. రెజిమెంటల్ బజార్‌లో పెద్ద స్టీలు గరిటెలు బేరమాడడం అయింది, కొనడం అవలేదు. ప్రయాణానికి వచ్చేవాళ్ల పేర్లు రాసుకోవడం సగం అయింది.

గ్లోరియాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తినే చోట్ల గురించి రాసిన భాగం కమిటీలో పైకి చదివాను. మొప్ప ఎత్తి చూడడం దగ్గర అందరూ నవ్వారు. జెనిఫర్ గారు కూడా నవ్వింది, తర్వాత సర్దుకొని, "ఇన్ఫర్మేషన్ బాగుంది" అంది.

ఇక నిన్ను కోప్పడాలి. "లెక్కలేముంటాయి" అని రాశావు. పాక నడవకపోవడానికి కారణం అదే. లెక్క లేకుండా వంట చేస్తే మిగిలిన అన్నం మీరే తినాలి. ఎవరెంత తింటారు, బియ్యం ఎంత, నూనె ఎంత, ఇవన్నీ రాసుకోవాలి. నేను ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను, మా ఆయన ఐజాక్ ఒక్క జీతం మీద ఇల్లు కట్టాం. నలభై మంది వస్తుంటే లెక్కలేముంటాయి అంటే ఎలా అమ్మాయ్? మొహమాటం వదిలెయ్. ఇది నీకు మళ్లీ నిలబడే అవకాశం, ఆఖరి వంట గీఖరి వంట అనకు.

కారప్పొడి డబ్బాలో గుడ్డ కింద ఒక కవరు పెట్టాను. అందులో ఉన్నది సంఘం సొమ్ము. ఇంట్లో ఉంచుకోకు. ఆలస్యం చేయకుండా పెట్టవలసిన చోట పెట్టు.

వంటలు: అన్నం, చేపల పులుసు, రొయ్యల వేపుడు, గోంగూర, ముద్దపప్పు, చారు, పెరుగు. కారం నీ మామూలు పాళ్లలో వేస్తే మా వాళ్లు రైల్లో ఏడుస్తారు, కాస్త తగ్గించు.

మీ వదిన,
సలోమి

~

ఓడరేవు
17 ఫిబ్రవరి 2025

వదినగారికి,

కవరు అందింది. నిన్న ఆదివారం గుడిలో కానుకల పెట్టెలో వేసేశాను. మీరు చెప్పినట్టే, ఆలస్యం చేయలేదు. కవరు మీద "కృతజ్ఞతార్పణ" అని అచ్చు, కింద మీ చేతిరాతతో మీ పేరు. ఒకరి కానుక ఇంకొకరు విప్పకూడదు కాబట్టి అంటించింది అంటించినట్టే వేశాను. ఆరాధన అయ్యాక మా పాస్టరు కాలేబు అయ్యగారు పెట్టె తెరిచి, లేచి నిలబడి, "సికింద్రాబాదు నుంచి మన యేసురాజు అక్కగారు పెద్ద కానుక పంపారు, ఆవిడ పక్షాన మన గ్లోరియమ్మ మార్చి ఒకటిన ప్రేమ విందు చేస్తోంది" అని చెప్పారు. అందరూ నావైపు తిరిగి చూశారు. నేను తలవంచుకొని కూర్చున్నాను.

వదినా, ఒక మాట రాస్తాను, తప్పుగా అనుకోవద్దు. నేను చదువుకున్నది తక్కువ. ప్రేమ విందు అంటే మా దగ్గర ఒక ఇల్లు సంఘమంతటికీ ఉచితంగా పెట్టే అన్నం. బిడ్డ బతికినందుకో, ఇల్లు నిలిచినందుకో పెడతారు. దానికి ఒక్క రూపాయి తీసుకున్నా పాపమే. మీరు నన్నడగకుండా నా పేరున ఒప్పుకున్నారు. సరే అన్నాను. నలభై మందికి నా చేతి నుంచి పెట్టడానికి మీ తమ్ముడు అన్నం వండే ఇత్తడి గుండిగలు బేరం పెట్టాడు. విందు కాగానే కొన్నవాళ్లు పట్టుకుపోతారు. అది కూడా సరే అన్నాను. కానీ ఉచితంగా పెట్టేదానికి లెక్క రాసుకోలేదని కోప్పడితే మాత్రం మనసుకు కష్టంగా ఉంది. ప్రేమ విందుకి ఎవరైనా రశీదు రాస్తారా వదినా? మీ దగ్గర రాస్తారేమో, నాకు తెలియదు.

కారం తగ్గిస్తాను.

గ్లోరియా

~

అల్వాల్
19 ఫిబ్రవరి 2025, బుధవారం

ఈరోజు పనులు: ఒక్కటీ అవలేదు. నీ ఉత్తరం వచ్చింది.

గ్లోరియా, నా తల్లీ,

ఆ గుండిగలు అమ్మొద్దు. ఈ ఉత్తరం చదువుతూండగానే లేచి వెళ్లి యేసురాజుతో చెప్పు. తర్వాత మిగతాది చదువు.

మా చర్చిలో ప్రేమ విందు అంటే కూపన్లు. ప్రతి మనిషి తన భోజనానికి తానే కట్టి చీటీ తీసుకుంటుంది. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తింటారు కాబట్టి ప్రేమ విందు అంటాం. ఇన్నేళ్లలో దానికి ఇంకో అర్థం ఉంటుందని నాకు తోచలేదు. పుట్టింటి చర్చిలో ఆ మాట విన్నదాన్నే, పెళ్లయి ఇక్కడికి వచ్చాక మా వాళ్ల అర్థమే నా అర్థమైపోయింది. నీ దగ్గర ఉచితంగా తిందామని నేను కలలో కూడా అనుకోలేదు. నలభై మందీ ముందే కట్టారు. నీ చేతికి నాలుగు డబ్బులు రావాలనే కదా జెనిఫర్ గారితో అంత పోట్లాడాను!

ఆ కవరులో ఉన్నది కానుక కాదు. సరుకులు కొనడానికి మా సమాజం ఇచ్చిన అడ్వాన్సు. స్త్రీల సమాజాన్ని ఇంట్లో సంఘం అనడం నా అలవాటు. "పెట్టవలసిన చోట" అంటే కిరాణా కొట్టు. మిగిలిపోయిన కానుక కవర్లు పారేయడం ఇష్టంలేక పాలకు, కూరలకు డబ్బులు వాటిలోనే పెట్టుకుంటాను. పోతే దొరకాలని పేరు రాస్తాను. ఐజాక్ ఎప్పుడూ నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు, "ఇంకా ఎన్ని ఉన్నాయో తే" అన్నాడు. ఉన్నవన్నీ చింపేశాడు.

అడ్వాన్సు నేను మా ఇంటి నుంచి పూరిస్తాను. కాలేబు అయ్యగారికి జరిగింది చెప్పి కవరు వెనక్కి తీసుకో. నీకు చిన్నతనంగా ఉంటే నేనే ఫోన్ చేస్తాను, స్పీకర్లో అయినా సరే. మిగతా డబ్బు ముట్టాకే పొయ్యి వెలిగించు.

కమిటీలో చెప్పాను. చెప్పక తప్పలేదు. జెనిఫర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "బ్యాకప్‌గా రిసార్టులో టేబుల్స్ పెట్టించనా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. వద్దన్నాను. ఆవిడ ఊరుకుంటుందని నమ్మకం లేదు.

జవాబు రాయి. కోపంగానైనా రాయి.

సలోమి

~

ఓడరేవు
23 ఫిబ్రవరి 2025, ఆదివారం

వదినగారికి గ్లోరియా వందనాలు.

గుండిగలు ఇంట్లోనే ఉన్నాయి. మీ తమ్ముడి ముందు మీ ఉత్తరం పైకి చదివాను. "పెట్టవలసిన చోట అంటే కిరాణా కొట్టు" దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన్ని చూసి నేనూ నవ్వాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాను. ఇన్నాళ్లూ మీరు నన్ను ఉచితంగా వాడుకుంటున్నారని లోపల అనుకున్నానే, అది పోయింది.

అయ్యగారి దగ్గరికి వెళ్లాం. ఆయన వెంటనే కవరు తీసి ఇవ్వబోయారు. నేనే వద్దన్నాను. సంఘం ముందు చెప్పిన మాట చెప్పిన మాటే. ప్రేమ విందు అన్నారు, ప్రేమ విందే జరుగుతుంది. మీరు డబ్బు పంపితే వెనక్కి పంపిస్తాను. కూపన్లు తెచ్చినవాళ్లకు అన్నం పెట్టను, ముందే చెప్తున్నాను.

బాధపడకండి, నా ఒక్కదాని మీద పడలేదు. ఇవాళ గుడి బయట జరిగింది వినండి. మా జ్ఞానమణి పిన్ని చెప్పులేసుకుంటూ, "ఏందే గ్లోరియా, పట్నమోళ్లకి నువ్వొక్కదానివే పెడతావా? మా చేతులేమైనా ఇరిగినాయా?" అని కేకేసింది. కొబ్బరికాయలు తనవంది. బోటు వాళ్లు ఆ రోజు వలలో పడిన మొదటి వంజరాలు మనకే అన్నారు. కుర్రాళ్లు పందిరి వేస్తామన్నారు. బియ్యం ఎవరిస్తారని ఇద్దరు మామలు తగువులాడుకున్నారు. ఒకరి విందు అనుకున్నది ఊరి విందైంది. మీ కవరు కానుకల పెట్టెలో పడకపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

నాకు ఒక్కటే కావాలి. మీరు మొదటి వరసలో కూర్చొని తినాలి. వడ్డించడానికి లేవకూడదు. మీరు కూర్చొని తినగా ఈ పాతికేళ్లలో ఎవరూ చూడలేదు.

బ్రహ్మచారి గారిని కూడా పిలిచాను. ఖాళీ చేసేటప్పుడు ఆయనకి కూడా ఒక పూట పెట్టి వెళ్లాలి కదా.

గ్లోరియా

~

అల్వాల్
3 మార్చి 2025, సోమవారం

ఈరోజు పనులు: ప్రయాణపు బట్టలు నానబెట్టడం అయింది. చెప్పుల్లోంచి ఇసుక దులపడం అయింది, ప్రయాణానికి రాని ఐజాక్ చెప్పుల్లోకి ఎలా వచ్చిందో తెలియదు. కమిటీకి హాజరవడం అయింది. ఆ సంగతే ముందు రాయాలి.

నా మరదలు గ్లోరియాకు,

నువ్వు పొయ్యి దగ్గరే ఉన్నావు, నీకు కనిపించనివి రాస్తాను. ఆ పందిరి కింద విస్తళ్ల వరస చూడగానే మా వాళ్లు చేతిసంచుల్లోంచి కూపన్లు తీసి పట్టుకున్నారు. నేను ముందే చెప్పినా అలవాటు పోలేదు. మీ జ్ఞానమణి పిన్ని వాటిని చూసి, "ఏందమ్మా ఇయి, సినిమా టికెట్లా?" అంది. అన్నీ గబగబా లోపలికి పోయాయి.

నన్ను మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టి, "లేవకండి వదినా, లేస్తే విందు చెల్లదు" అన్నావు. నా చేతులు ఊరుకోలేదు, ఒళ్లో పెట్టి ఒకదాన్నొకటి పట్టుకున్నాను. పులుసు పోశావు. నేను మొదటి ముద్ద కలుపుతుంటే ఎదురుగా జెనిఫర్ గారు. పొడి అన్నంలో వేలితో కాస్త పులుసు కలిపి తింది. తర్వాత ఇంకాస్త కలిపింది. తర్వాత మణికట్టు దాకా కలిపింది. అప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. రిసార్టు వాళ్లు! నేను వద్దన్నా టేబుల్స్ పెట్టించింది, ఎప్పుడు వస్తారని అడుగుతున్నారు. చేతినిండా పులుసు. పక్కనున్న విమలమ్మతో, "కట్ చేయండి విమలమ్మ గారూ, ప్లీజ్, కట్ చేయండి" అంది. విమలమ్మ ఫోన్ ఎత్తి, "మేడం బువ్వ తింటుంది, ఇప్పుడు మాట్లాడది" అని చెప్పి పెట్టేసింది. నేను నవ్వితే పులుసు ముక్కులోకి పోయింది.

రైల్లో దారంతా నీ మాటే. విమలమ్మ, "ఏం పప్పు చేసింది పిల్ల! మా ఇంట్ల ముప్పై ఏండ్లు చేసిన, గట్ల కుదరలె" అని వరంగల్ దాకా చెప్పింది. కారం నువ్వు తగ్గించలేదు. ఎవరూ ఏడవలేదు.

ఇవాళ కమిటీలో జెనిఫర్ గారు లేచి, "తినేసి డబ్బివ్వకుండా వచ్చాం. మనకిదేం మర్యాద?" అంది. ప్రేమ విందుకి డబ్బు తీసుకోరని చెప్పాను. విమలమ్మ కమిటీ మనిషి కాదు, గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుంచే, "అయితె మళ్ల పోదాం. గప్పుడు ఇద్దాం పైసలు. గింత పరేషానెందుకు?" అంది. అదే తీర్మానమైంది. వేసవి సెలవుల్లో సండే స్కూలు టీచర్లు వస్తున్నారు. తర్వాత పక్క చర్చి యూత్ వాళ్లు. కూపన్ల డబ్బు నీకు అడ్వాన్సు. జెనిఫర్ గారు నీ మొదటి ఉత్తరంలో తినే చోట్ల గురించి ఉన్నదంతా టైపు చేయించి, పైన "ఓడరేవులో ఎక్కడ తినాలి" అని పెట్టి మిగతా చర్చిలకి పంపుతోంది. మొప్ప సంగతి తీసేయొద్దని నేను పట్టుబట్టాను. నీ పాక పేరు దగ్గర మాత్రం ఖాళీ ఉంచింది, బోర్డు లేదు కదా.

అడ్వాన్సు కొత్త తెల్ల కవరులో పెట్టాను. పైన "ఇది అన్నం డబ్బు. గుడిలో వేయకు" అని రాశాను. ఉత్తరంలో కూడా రాస్తున్నాను: ఇది భోజనం, ప్రేమ విందు కాదు.

పెట్టెలో పడ్డ పాత కవరు నేను పూరించి, నా చిట్టాలో కానుకల కింద వేసుకున్నాను. అది సరిపోయింది. కానీ ఆ విస్తట్లో తిన్న అన్నానికి ఏ పద్దూ దొరకడం లేదు. నీకు బాకీ ఉన్నాను.

బ్రహ్మచారి గారు ఏమన్నాడు? ఆదివారం దాటిపోయింది. యేసురాజుకు ఫోన్ చేస్తే, "ఏదో అన్నాడక్కా, నవ్వాడు" అంటాడు. వెంటనే రాయి.

సలోమి

~

ఓడరేవు
8 మార్చి 2025

వదినా,

ఉండిపోతున్నాం!

ఆదివారం గుడి అయ్యాక జవాబు చెప్పమన్న బ్రహ్మచారి గారు గుడి కాకముందే వచ్చి బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. నేను బయటికి రాగానే జవాబు చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చెప్పొద్దమ్మా, నేను చెప్తా. నిన్న నీ విస్తట్లో తిన్నాను. కార్లు నిలబెట్టుకోడానికి ఆళ్లకి వేరే చోటు చూపిస్తాలే. అన్నం పెట్టే చోట కార్లు పెడితే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. నేను అక్కడే ఏడ్చాను. ఆయన కంగారుపడి, "అద్దె మాత్రం మామూలే" అన్నాడు. ఏడుపు ఆగిపోయింది.

మర్నాడు టేకు చెక్క మోసుకొచ్చాడు. బోర్డు తానే చెక్కి ఇస్తాడట, పేరు చెప్పమన్నాడు. మీ తమ్ముడు "ప్రేమ విందు" పెడదామన్నాడు. అది పెడితే తిన్నవాళ్లంతా చేతులు కడుక్కొని దణ్ణం పెట్టి పోతారన్నాను. ఆఖరికి "వదినగారి పాక" అని పెట్టాం. ఏ వదిన అని వచ్చినవాళ్లందరూ అడుగుతున్నారు. ఆవిడ సికింద్రాబాదులో ఉంటుంది, లెక్కలు రాసుకుంటుంది అని చెప్తున్నాం. టైపు కాగితంలో ఆ ఖాళీ నింపించండి.

ఆ రోజు పందిరి చూసి రిసార్టు నుంచి నడిచి వచ్చిన రెండు కుటుంబాల వాళ్లు మరునాడు ఊరికి పోతూ కారాపి తిన్నారు. ఈ వారం రెండుసార్లు అన్నం చాలక మళ్లీ ఎసరు పెట్టాను. మీరు చెప్పినట్టే పుస్తకం పెట్టి రాస్తున్నాను: బియ్యం ఎంత, మిగిలింది ఎంత. మిగిలింది దగ్గర సున్నా రాయడం ఎంత బాగుందో! మిగలకపోతే నాకు ఉండదు, మళ్లీ వండుకోవాలి. అది మాత్రం కొత్త కష్టం.

బాకీ బాకీ అంటున్నారు. అయితే వినండి. ఈస్టర్ మర్నాడు పాక మూసి, నేనూ మీ తమ్ముడూ అల్వాల్ వస్తున్నాం.

మీ మరదలు,
గ్లోరియా

~

అల్వాల్
24 ఏప్రిల్ 2025, గురువారం

ఈరోజు పనులు: అతిథుల దుప్పట్లు ఉతకడం అయింది. పెద్ద గిన్నెలు అటక మీద పెట్టడం అయింది. నువ్వు మరచిపోయిన దువ్వెన పార్సిల్‌లో వేయడం అయింది. ఇది రాయడం అవగానే పార్సిల్ కట్టేస్తాను.

గ్లోరియాకు,

మీ రైలు కదిలాక విమలమ్మా నేనూ ఆటోలో వచ్చాం. "మీ మరదలు మంచిగ తిన్నది" అంది. అవును, నేనూ చూశాను.

నువ్వు వస్తూనే చెంగు దోపుకొని వంటింట్లోకి వచ్చావు. చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. బగారా అన్నం గిన్నె తేవడానికి నేను వెళ్తే నువ్వు నీళ్ల జగ్గు కోసం లేచావు. ఐజాక్ గ్లాసు ఖాళీ అయిందని మళ్లీ లేచావు. అప్పుడు నేను, "లేవకు, లేస్తే విందు చెల్లదు" అన్నాను. విమలమ్మ నీ భుజం నొక్కి, "కూసో బిడ్డా" అంది. కూర్చున్నావు. దాల్చా పోశాను. పొగలు వస్తున్నాయి. నువ్వు ఒక ముద్ద తిని ఆగిపోయి, "వేడన్నం తిని ఎన్నాళ్లయిందో వదినా. నా వంతు వచ్చేసరికి ఎప్పుడూ చల్లారిపోతుంది" అన్నావు. తర్వాత ఇంకో ముద్ద కలుపుకున్నావు. పచ్చిపులుసు రెండోసారి అడిగావు. కుబానీ మీఠా వద్దంటూనే గిన్నె నీ వైపు జరుపుకున్నావు. నేను పక్కనే నిలబడి గరిటె పట్టుకొని చూస్తూ ఉన్నాను. డబ్బు ఊసు లేదు, కూపను లేదు.

సండే స్కూలు టీచర్లు మే పదిన వస్తున్నారు. జెనిఫర్ గారు కూడా ఎక్కుతోంది. మీరిప్పుడు టీచర్ కాదు కదా అంటే, "సూపర్విజన్" అంది. ఆవిడకి పులుసు రెండు గరిటెలు ఎక్కువ పొయ్యి.

చిట్టాలో ఇవాళ్టి పేజీ ఇలా ముగించాను:

ఓడరేవులో గ్లోరియా పెట్టిన ప్రేమ విందు. అల్వాల్‌లో గ్లోరియా కూర్చొని, వేడిగా, లేవకుండా తిన్నది. బాకీ చెల్లు.

సలోమి